భారతదేశపు ప్రాంతీయ వంటకాలు

భారతదేశంలో ఒక వంటకం ఎక్కడిదో తేల్చేది ప్రధానంగా అక్కడి నేల, వాన. రాష్ట్రాల సరిహద్దులు కావు. రాజస్థాన్ కేర్ సాంగ్రీ ఇందుకు గట్టి సాక్ష్యం. పచ్చి కూరగాయలు అరుదైన ఎడారిలో కేర్ పొద కాయలను, జమ్మికాయలను ఎండబెట్టి ఏడాది పొడవునా దాచుకుంటారు. వాటిని నానబెట్టి, నూనెలో మసాలాలతో మగ్గిస్తారు. తెలుగువారు దసరాకు పూజించే జమ్మిచెట్టే అక్కడ కూరనిస్తుంది! అలాగే దక్కన్ మెట్టనేలల్లో మహారాష్ట్ర భాక్రీ, ఉత్తర కర్ణాటక జోళద రొట్టి, తెలంగాణ జొన్నరొట్టె మూడు భాషల్లో పిలిపించుకునే ఒకే తిండి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది. మిరప, బంగాళాదుంప అమెరికా ఖండాలవి. 1498లో సముద్రమార్గం తెరుచుకున్నాకే ఇక్కడికి చేరాయి. అవి లేని ప్రాంతీయ వంట నేడు అరుదు కదా? నిజమే. కానీ వచ్చిన దుంప అన్నిచోట్లా ఒకేలా ఉడకలేదు. బెంగాల్‌లో గసగసాల ముద్దతో ఆలూ పోస్తో అయింది, బీహార్‌లో ఆవనూనె కలిసిన చోఖా అయింది, ముంబైలో శనగపిండి పూత తొడుక్కుని వడాపావ్‌లోకి చేరింది. పరాయి దినుసుకు రుచిని నిర్ణయించింది స్థానిక పంటే. ప్రభుత్వ విధానం మాత్రం నేలను దాటగలదు: 1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మెట్ట పల్లెల్లోనూ జొన్న, రాగి వెనక్కి తగ్గి వరి అన్నం ముందుకొచ్చింది.