మొక్కజొన్న పొరల అల్లిక: హోడెనొషోనీ స్త్రీల పనితనం

నేటి న్యూయార్క్ రాష్ట్ర ప్రాంతంలో నివసించిన హోడెనొషోనీ సమాఖ్య ప్రజలకు (ఐరోపావారు వీరిని ఇరొక్వాలని పిలిచారు) మొక్కజొన్న ప్రధానాహారం. పొలం పనీ పంటపై అధికారమూ స్త్రీలవే కావడంతో, పొత్తును కప్పి ఉండే పొరలతో చేసే పనితనం కూడా చాలావరకు వారి చేతుల్లోనే పెరిగింది.

ఈ కళకు మూలం ధాన్యాన్ని దాచుకొనే పద్ధతిలో ఉంది. కోత ముగిశాక పొరలను పూర్తిగా ఊడదీయకుండా వెనక్కి ఒలిచి, వాటినే మూడు పాయల జడగా అల్లి, పొత్తుల బారును ఇంటి లోపల ఎత్తున వేలాడదీసేవారు. అదే జడను పొత్తులు లేకుండా కొనసాగించి, చుట్టలు చుట్టి కుడితే చాప అవుతుంది. ఎండిన పొర పెళుసుగా విరుగుతుంది కనుక ముందుగా నీటితో తడిపి మెత్తబరచేవారు. ముతకగా ఉండే పై పొరలకన్నా పలుచని లోపలి పొరలు సున్నితమైన పనికి అనువైనవి. వీటితో చేసిన వస్తువులలో ఉప్పు బుడ్డి ప్రత్యేకంగా చెప్పదగినది: పొరలను సన్నగా మెలిపెట్టి, ఒకదాని వెంట ఒకటి దగ్గరగా అల్లి సీసా ఆకారం తెచ్చి, మూతికి మొక్కజొన్న బెండు ముక్కను బిరడాగా పెట్టేవారు. పంటలో ఏ భాగమూ వ్యర్థం కాదన్న దృష్టి ఇంతకన్నా స్పష్టంగా మరే వస్తువులోనూ కనిపించదు.

పిల్లల కోసం చేసే బొమ్మలకు సంప్రదాయం ప్రకారం కన్నూ ముక్కూ గీయరు. తన అందానికి మురిసిపోయి పని మరచిన బొమ్మ ముఖాన్ని పోగొట్టుకుందన్న కథ అందుకు కారణంగా ప్రచారంలో ఉంది. పొరలతో అల్లే ముఖాకృతులు మాత్రం ఆటవస్తువులు కావు. అవి పవిత్ర క్రతువులకు చెందినవి కనుక వాటిని అమ్మరాదని, ప్రదర్శించరాదని సమాఖ్య పెద్దలు స్పష్టంగా కోరారు. ఆ కోరికను మన్నించడం సంగ్రహశాలల బాధ్యత.

1779లో అమెరికా సేనాని జాన్ సలివన్ సైన్యం హోడెనొషోనీల గ్రామాలు దాదాపు 40 తగలబెట్టి, అతని నివేదిక ప్రకారమే 1,60,000 బుషెళ్ల (బుషెల్ అంటే గింజల్లో సుమారు 25 కిలోలు) మొక్కజొన్నను నాశనం చేసింది. పంటతో పాటు దాని మీద ఆధారపడిన చేతిపనులకూ అది పెద్ద దెబ్బ. అయినా ఆ విద్య అంతరించలేదు. సమాఖ్యలోని సెనెకా జాతి వంశానికి చెందిన పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ పార్కర్ 1910లో ప్రచురించిన గ్రంథంలో మొక్కజొన్న వంటకాలతో పాటు పొరల వినియోగాన్నీ నమోదు చేశాడు. 1935 నుంచి 1941 వరకు ఆయన నేతృత్వంలో రాచెస్టర్ సంగ్రహశాల నడిపిన కళా పథకంలో, టొనవాండా, కాటరాగస్ ప్రాంతాల సెనెకా కళాకారులు వేతనం పొందుతూ పూర్వీకుల నమూనాలలో వేల వస్తువులు తయారుచేశారు.