మెడలోని ధమని, చెవికందని ధ్వని

పక్షవాతమన్న మాటలో పక్షమంటే పార్శ్వము. దేహంలో ఒక పార్శ్వం పడిపోవడం వాతదోషమని తలచి పూర్వులు ఆ పేరు పెట్టారు. ఆ వ్యాధికి ఒక మూలం మెడలో, మెదడుకు రక్తం మోసే కరోటిడ్ ధమనులలో ఉన్నదని తేటపడడానికి చాలాకాలం పట్టింది. కరోటిడ్ అన్నది గ్రీకుపదం. మైకమని దాని మూలార్థం. ఈ నాళాలను నొక్కితే మనిషి మైకంలోకి జారుతాడని ప్రాచీనులు నమ్మారు. పేరు పెట్టినవారు సత్యానికి ఎంత చేరువగా వచ్చి ఆగిపోయారో!

1951లో కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్, మెడలో ఈ ధమని మూసుకొనిపోవడం పక్షవాతానికి కారణమవుతుందని నిరూపించాడు. కొందరు రోగులకు అంతకుముందే ఒక కంటిచూపు కొద్ది నిమిషాలు పోయి తిరిగి వచ్చేదని కూడా గమనించాడు. ఈ సంగతి చదివినప్పుడు నా మనస్సు కలుక్కుమన్నది. మా సహోపాధ్యాయునికి ఒకనాడు తరగతిలోనే ఎడమకంటికి తెర పడి, అయిదు నిమిషాలలో తొలగిపోయింది. పైత్యమన్నాడు, మేమూ ఔనన్నాము. పదిరోజులకు కుడిచేయి, కుడికాలు, మాట మూడూ పోయినవి. భారతపద్యాలు గొంతెత్తి చదివిన మనిషి.

1954లో లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి వైద్యులు, ఇరుకైన భాగాన్ని కోసివేసి ధమనిని తిరిగి అతికిన శస్త్రచికిత్సను ప్రకటించారు. అయితే ఇరుకు ఎంతో ముందుగా తెలిసేదెట్లా? 1927లో పోర్చుగల్ వైద్యుడు మోనిజ్ చూపిన మార్గమున్నది: ఎక్స్‌రేకు కనబడే మందును ధమనిలోకి ఎక్కించడం. ఆ పరీక్షయే ఒక్కొక్కప్పుడు పక్షవాతాన్ని తెచ్చిపెట్టేది.

పరిష్కారం నక్షత్రాల నుండి వచ్చిందంటే చదువరులు ఆశ్చర్యపడవచ్చును. 1842లో ప్రాగ్ నగరంలో డాప్లర్ అనే ఆచార్యుడు జంటనక్షత్రాల రంగులను గురించి రాస్తూ, చలించే వస్తువు నుండి వచ్చే తరంగం మారుతుందని ప్రతిపాదించాడు. దగ్గరికి వచ్చే రైలు కూత హెచ్చుస్థాయిలోను, దూరమయ్యేటప్పుడు తగ్గుస్థాయిలోను వినబడడం అందువల్లనే. 1950లలో జపానులోని ఒసాకాలో సతోమురా, చెవికందని ధ్వనిని దేహంలోకి పంపి, ఈ సూత్రంతోనే రక్తప్రవాహాన్ని పట్టుకున్నాడు. 1970లలో సియాటిల్‌లో స్ట్రాండ్‌నెస్ బృందం ధమని బొమ్మను, రక్తవేగాన్ని ఒకే యంత్రంలో చేర్చింది.

తోట గొట్టం మూతిని వేలితో నొక్కితే నీరు వడిగా చిమ్ముతుంది గదా. ధమని ఇరుకైన చోట రక్తమూ అంతే. వేగం సెకనుకు 230 సెంటీమీటర్లు దాటితే ఇరుకు 70 శాతానికి తక్కువ ఉండదని 2003లో అమెరికా నిపుణులు ఒక కొలత పెట్టారు. కాని ధమని దాదాపుగా పూడిపోతే వేగం మరల పడిపోతుంది. వేగాన్నే నమ్మినవాడు అక్కడ మోసపోతాడు. ఆ 70 శాతానికి ఇంత ప్రాముఖ్యమెందుకంటే, 1991లో వెలువడిన ఉత్తర అమెరికా పరిశోధనలో, అప్పటికే లక్షణాలు కనబడి, ఇరుకు అంతకు మించినవారిలో మందులతోనే ఉన్న నూటికి 26 మందికి రెండేండ్లలో అదే పక్క పక్షవాతం వచ్చింది; శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో 9 మందికే. ఇరుకొక్కటే కాదు, పేరుకున్న పదార్థపు స్వభావమూ లెక్కకు వస్తుంది: తెరపై నల్లగా కనబడే మెత్తని కొవ్వు, తెల్లగా మెరిసే గట్టి సున్నపు పొర కంటె ప్రమాదకరము.

మిత్రుని సంగతి తరువాత నేనూ ఈ పరీక్ష చేయించుకోబోయాను. "మీకు ఏ లక్షణమూ లేదు గదా మాస్టారూ, ఎందుకు?" అన్నాడు డాక్టరు. లక్షణాలు లేనివారందరికీ ఈ పరీక్ష వద్దని అమెరికా నివారణవైద్య నిపుణుల మండలి 2014లో చెప్పి, 2021లో మరల ధ్రువపరచింది. లేని ఇరుకు ఉన్నట్లు తోచి, అనవసరపు కోతకు దారి తీయవచ్చునట. ఆయన నా రక్తపోటు చూచి, ఉప్పు తగ్గించమని, మందు మానవద్దని చెప్పి పంపివేశాడు. కంటికి తెర పడితే మాత్రం, అది తొలగినా సరే, ఆ గంటలోనే రమ్మన్నాడు.