మా ఇంట్లో రెండు కెమెరాలు

దసరాకి ముందు బీరువా సర్దుతుంటే, అడుగు అరలో పాత పట్టుచీరల కింద ఒక నల్ల సంచి చేతికి తగిలింది. విప్పి చూస్తే మా ఆయన పాత కెమెరా. కెనాన్ 300డి. వెండి రంగు ఒళ్లు, చెయ్యి పట్టుకునేచోట అరిగిపోయి నున్నగా ఉంది. దాన్ని తెచ్చి హాల్లో బల్ల మీద మా పాప కెమెరా పక్కన పెట్టాను. పాపది కెనాన్ 1500డి, 2019లో కాలేజీలో చేరినప్పుడు కొన్నది. రెండూ ఆ కంపెనీ తక్కువ ధరలో, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం చేసిన కెమెరాలే. ఒకటి 2003లో వచ్చింది, ఇంకొకటి 2018లో. మధ్యలో పదిహేనేళ్లు.

"ఏంటమ్మా, రెండిటికీ పెళ్లిచూపులా?" అంది పాప.

పెళ్లిచూపులు కాదు గానీ, రెండిటినీ పక్కపక్కన చూస్తుంటే నాకు మా అత్త గుర్తొచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఈ కెమెరాల కథ కొంచెం చెప్పాలి. ఫోటోల కొట్టు ఉన్న ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని కాబట్టి వినీ వినీ ఇవన్నీ నాకూ వచ్చేశాయి.

మన చిన్నప్పుడు ఫోటో అంటే లెక్క. మా నాన్న దగ్గర అగ్ఫా క్లిక్ 3 ఉండేది, రోలుకి 12 ఫోటోలు. తర్వాత వచ్చిన కెమెరాల్లో రోలుకి 36. పెళ్లిలో తలంబ్రాలకి ఇన్ని, అప్పగింతలకి ఇన్ని అని ముందే పంచుకునేవాళ్లు. రోలు, కడగడం, ప్రింటు, అన్నీ డబ్బులే. ఆ లెక్కలో వంటింట్లో ఉన్నవాళ్ల వంతు ఎప్పుడూ చివరిదే. వాళ్ల దగ్గరికి వచ్చేసరికి రోలు అయిపోయేది.

రోలు లేని కెమెరాని 1975లో అమెరికాలో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ శాసన్ తయారుచేశాడు. ఒక్క ఫోటోని క్యాసెట్టు టేపు మీద ఎక్కించడానికి దానికి 23 సెకన్లు పట్టేదట. 1991లో అదే కంపెనీ నికాన్ కెమెరాకి డిజిటల్ పరికరం తగిలించి అమ్మింది. ఫోటోలు దాచే పెట్టె వేరే ఉండేది, భుజానికి తగిలించుకుని తిరగాలి. అవి పత్రికలవాళ్లకి, పెద్ద పెద్ద సంస్థలకి తప్ప మనబోటి వాళ్లకి అందేవి కావు. లోపల అద్దం ఉండి, లెన్సులోంచి వచ్చిన వెలుగునే కంటితో చూసి తీసే డిజిటల్ కెమెరా వెయ్యి డాలర్ల లోపు దొరకడం 2003 ఆగస్టులో ఈ 300డితోనే మొదలైంది. ఒట్టి కెమెరా 899 డాలర్లు, లెన్సుతో 999. అప్పటి మన డబ్బులో 40 వేలకి పైమాటే.

అప్పుడు మా అనంతపురం జిల్లాలో 40 వేలంటే మాటలా? 2002లో దేశమంతా కరువు. మా మెట్ట మీద అది ముందు నుంచీ ఉన్నదే. జైసల్మేర్ తర్వాత దేశంలో అంత తక్కువ వాన పడే చోటు మాదేనని చెప్పుకుంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. చెనక్కాయ ఊడలు దిగే వేళకి వాన మొహం చాటేస్తే, కాయ లేదు, ఉన్నా లోపల గింజ లేదు. పంట లేకపోతే పెళ్లిళ్లు వాయిదా, పెళ్లిళ్లు లేకపోతే ఫోటోల కొట్టుకి బేరం లేదు. ఊళ్లో సగం మంది మూటలు కట్టుకుని బెంగళూరు బస్సెక్కేవాళ్లు.

కదిరిలో మా ఆయన కొట్టు కూడా మూతపడేలా ఉన్నప్పుడు, 2005లో, బెంగళూరులో ఒకరి దగ్గర ఈ 300డి సెకండ్ హ్యాండులో ఉందని తెలిసింది. రోలు ఖర్చు లేకపోతే కొట్టు నిలబడుతుందన్నారు మా ఆయన. నా పెళ్లి గాజులు రెండు తీసి ఇచ్చాను. మా అత్త చూస్తూ కూర్చుంది. ఏమీ అనలేదు. రాత్రి మాత్రం, "బంగారం మళ్లీ వస్తాదిలేమ్మే. కొట్టు మూస్తే మళ్లీ తెరవలేం" అంది.

ఆమె మాట నిజమైంది. కొట్టు నిలబడింది.

ఇప్పుడు రెండిటినీ పోల్చి చూద్దాం. 300డిలో 6.3 మెగాపిక్సెళ్లు, 1500డిలో 24.1. చీకట్లో ఎంతవరకు చూడగలదో చెప్పే ఐఎస్ఓ దాంట్లో 1600 వరకు, దీంట్లో మామూలుగా 6400 వరకు. వెనక తెర దాంట్లో 1.8 అంగుళాలు, బొట్టుబిళ్లల అట్టంత. దీంట్లో 3 అంగుళాలు. పాతదాంట్లో వీడియో లేదు, తెర మీద చూస్తూ ఫోటో తీయడమూ లేదు. కొత్తదాంట్లో రెండూ ఉన్నాయి, వైఫైతో ఫోటో ఫోనుకి పంపొచ్చు కూడా. పాతది ఆన్ చేస్తే లేచేసరికి మూడు సెకన్లు పట్టేది. ఆ మూడు సెకన్లలో పిల్లల నవ్వు కాస్తా ఏడుపైపోయేది.

అయితే మారనివి కూడా ఉన్నాయి. పాతది సెకనుకి రెండున్నర ఫోటోలు తీసేది, కొత్తది మూడు తీస్తుంది. పదిహేనేళ్లలో పెరిగింది అరే! ఫోకస్ పట్టుకునే చుక్కలు 7 నుంచి 9 అయ్యాయి, అంతే. ఫోటో పడే సెన్సారు సైజు దాదాపు అదే. తక్కువ ధర కెమెరాలకి కంపెనీలు ఎప్పుడూ కొంచెం తక్కువే వడ్డిస్తాయి. 300డి లోపల ఉన్నది దాని పెద్దన్న 10డి సెన్సారే, కానీ కొన్ని సౌకర్యాలని సాఫ్ట్‌వేర్‌లో తాళం వేసి ఇచ్చారు. ఆ తాళం తీసే మార్చిన సాఫ్ట్‌వేర్‌ని ఎవరో తయారుచేసి నెట్‌లో పెడితే, తెలిసినవాళ్లు ఎక్కించుకున్నారు. ఇంట్లో పెద్దవాళ్లకి వడ్డించాక మిగిలింది కోడళ్లకి పెట్టడం మనకి తెలిసిన పద్ధతేగా!

ఇంకో తమాషా. మా ఊరి గాలి సంగతి తెలిసినవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. ఆషాఢం వచ్చిందంటే రామగిరి గుట్టల మీద గాలిమరలు తిరిగినట్టు మా ఇళ్లలో దుమ్ము తిరుగుతుంది. ఆ గాలిలో లెన్సు మారిస్తే సెన్సారు మీద దుమ్ము పడి, ప్రతి ఫోటోలోనూ ఆకాశంలో అదేచోట బూడిదరంగు మచ్చ వచ్చేది. సెన్సారు తనంతట తాను అదిరి దుమ్ము దులుపుకునే ఏర్పాటుని కెనాన్ 2006లో 400డిలో పెట్టింది. మరి 2018 నాటి మా పాప 1500డిలో? లేదు! ఖర్చు తగ్గించడానికి తీసేశారు. అందుకే పదిహేనేళ్లు గడిచినా మా ఇంట్లో పని మారలేదు. తలుపులు, కిటికీలు వేసి, ఫ్యాను ఆపి, గాలి కొట్టే రబ్బరు బుడ్డితో ఉఫ్ ఉఫ్ అని ఊదడం.

అన్నిటికంటే నాకు నచ్చింది లెన్సు సంగతి. 300డితో పాటే వచ్చిన 18-55 లెన్సు తీసి పాప కెమెరాకి తగిలించాను. టక్కున కూర్చుంది. ఫోకస్ కూడా పట్టింది. అత్త కమ్మలు మనవరాలి చెవులకి సరిపోయినట్టు అనిపించింది.

ఇక మా అత్త దగ్గరికి వస్తాను.

2007లో శివరాత్రికి అందరం కలిసి తిమ్మమ్మ మర్రిమాను తిరునాళ్లకి వెళ్లాం. కదిరికి దగ్గరే. దాదాపు 5 ఎకరాల్లో పరుచుకున్న చెట్టు అది. 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. ఊడల కింద అందరినీ నిలబెట్టి మా ఆయన 300డితో ఒక ఫోటో తీశారు. పెద్దలు, పిల్లలు కలిపి 20 మందికి పైనే. మా అత్త వెనక వరసలో, కుడివైపు కొసన, చద్దిమూట చేత్తో పట్టుకుని. ముందుకి రమ్మంటే, "నాకెందుకు లేప్పా, మీరు నిలబడండి" అంది.

2012లో ఆమె పోయింది. దినాలకి ఫోటో కావాలి. ఫోటోల కొట్టు ఉన్న ఇల్లు! మా ఆయన రెండు రాత్రులు కంప్యూటర్ ముందు కూర్చుని సీడీలన్నీ వెతికారు. ఊరందరి పెళ్లిళ్లు ఉన్నాయి. మా పాప వెయ్యి ఫోటోలు ఉన్నాయి. ఆమె ఒక్కతే ఉన్న ఫోటో ఒక్కటి లేదు. చివరికి మర్రిమాను కింది ఫోటోలోంచి ఆమెని కత్తిరించి పెద్దది చేయించారు.

మెగాపిక్సెల్ అంటే ఏంటో నాకు ఆరోజు అర్థమైంది. 300డి ఫోటో వెడల్పు 3072 చుక్కలు. 20 మంది నిలబడ్డ ఆ ఫోటోలో మా అత్త తల, భుజాలు కలిపి 300 చుక్కలు కూడా లేవు. దాన్ని 12 అంగుళాల ఫోటో చేస్తే అంగుళానికి 25 చుక్కలు. చక్కగా రావాలంటే 200 పైన ఉండాలి. చెట్టు నీడలో ఐఎస్ఓ 1600 పెట్టి తీసింది కాబట్టి గరుకు కూడా. దండ వేసిన ఆ ఫోటోలో ఆమె ముక్కుపుడక ఎక్కడుందో వెతుక్కోవాలి.

చాలా ఏళ్లు నేను అనుకునేదాన్ని, అప్పుడు మంచి కెమెరా ఉండుంటే అని. మొన్న రెండిటినీ పక్కపక్కన పెట్టినప్పుడు పాపని లెక్క వేయమన్నాను. "24 అంటే 6కి నాలుగు రెట్లు కదా, అవ్వ ఫోటో నాలుగు రెట్లు బాగుండేదా?" అని అడిగాను. పాప నవ్వి కాగితం మీద గీసి చూపించింది. నాలుగు రెట్లు అనేది పొడవూ వెడల్పూ కలిపి. వెడల్పు మాత్రం 3072 నుంచి 6000, అంటే రెండు రెట్లే. 25 చుక్కలు 50 అయ్యేవి. అప్పటికీ మసకే.

"మరేం చేసుంటే బాగా వచ్చేదే?"

"దగ్గరికెళ్లి అవ్వని ఒక్కదాన్నే తీసుంటే చాలమ్మా. ఆ పాత కెమెరాతోనే 12 అంగుళాలకి బాగా వచ్చుండేది."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఆ కెమెరా ఏడేళ్లు మా అత్త కళ్ల ముందే, ఆమె పడుకునే గదిలోనే, బీరువాలో ఉంది. రోలు లెక్క కూడా లేదు. నా గాజులు పెట్టి కొన్న కెమెరా. దాన్ని తుడిచాను, సంచిలో పెట్టాను, బ్యాటరీ ఛార్జింగ్ పెట్టాను. ఒక్కసారి కూడా మీట నొక్కలేదు. అది మా ఆయన పనిముట్టు అనుకున్నాను. ఎవరూ ముట్టుకోవద్దనలేదు. నాకే తోచలేదు.

విచిత్రం ఏంటంటే, ఈ రెండు కెమెరాలకీ జపానులో వేరే పేరుంది. అక్కడ 300డిని "కిస్ డిజిటల్" అని, 1500డిని "కిస్ ఎక్స్90" అని అమ్మారు. ఆ కిస్ అనే పేరు 1993లో రోలు కెమెరాతో మొదలైంది. పిల్లల ఫోటోలు తీసుకునే తల్లుల కోసమని చెప్పి అమ్మిన కెమెరా అది! తేలికగా, చిన్న చేతుల్లో ఇమిడేలా. అంటే అమ్మల కోసం పుట్టిన వంశంలోని కెమెరా మా ఇంటికి వచ్చి, ఇద్దరు అమ్మలున్న ఇంట్లో ఒక్క అమ్మ చేతికీ ఎక్కలేదు.

ఆడవాళ్లు కెమెరా పట్టడం మన తెలుగు నేల మీద కొత్తేం కాదు. 1892లోనే హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ పరదాలో ఉండే స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచారు. అక్కడ ఫోటోలు తీసింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ. నూటపదేళ్లు దాటాక కూడా నేను బీరువా తాళం తీయలేకపోయాను.

ఇప్పుడు ఈ రెండు కెమెరాల కాలం కూడా అయిపోతోంది. తమ పెద్ద అద్దం కెమెరా ఇదే ఆఖరిదని 2021 డిసెంబరులో కెనాన్ అధినేత ఫుజియో మితరాయ్ చెప్పారు. అద్దం లేని కెమెరాలు వచ్చేశాయి, వాటికంటే ముందే అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి. కానీ నా ఫోన్ తీసి చూశాను. ఓళిగలు ఉన్నాయి, ముగ్గులు ఉన్నాయి, పెళ్లిళ్లలో గుంపులు ఉన్నాయి. మా అమ్మ ఒక్కతే ఉన్నది వెతికితే రెండు దొరికాయి, రెండిట్లోనూ పక్కకి తిరిగి ఉంది.

అందుకే పోయిన ఆదివారం పుట్టింటికి వెళ్లాను. పాప కెమెరాకి పాత లెన్సు పెట్టుకుని వెళ్లాను. మా అమ్మ వసారాలో కూర్చుని చెనక్కాయలు వొలుస్తోంది. "నాకెందుకు ఫోటో, పాపది తియ్యి" అంది. అదే మాట! నేను వినలేదు. రెండడుగులు ముందుకి వేశాను. చేతులు వణికాయి, మొదటి నాలుగూ మసకగా వచ్చాయి. అయిదోదానికి, "ఇంకెన్ని తీస్తావే, పనుంది" అని కసురుకుంటూ నా వైపు చూసింది. ఆ చూపు పడింది. ముక్కుపుడక కూడా పడింది.

తర్వాత పాప నా చేతిలోంచి కెమెరా తీసుకుని, "నువ్వూ కూర్చో" అంది. నేనూ "నాకెందుకులే" అనబోయి ఆగిపోయాను. వెళ్లి మా అమ్మ పక్కన కూర్చుని ఒక గుప్పెడు కాయలు ఒళ్లో పోసుకున్నాను.

మీ ఇంట్లో కూడా ఏ బీరువాలోనో ఒక పాత కెమెరా ఉండే ఉంటుంది. లేకపోయినా ఫోన్ ఉంది. ఎన్ని మెగాపిక్సెళ్లని చూడకండి. మీ అత్తగారో, అమ్మో వంటింట్లోనో వసారాలోనో ఉంటారు. వద్దంటారు. అయినా ఒక్కసారి దగ్గరికి వెళ్లండి.