మనుషులతో కట్టిన రైలు

ఇచ్చోడ నుంచి గుడిహత్నూరు మీదుగా ఆదిలాబాదు పోయే జాతీయ రహదారి మీద బడిపిల్లల సైకిళ్ళను ఎప్పుడైనా గమనించారా? గాలి లేని రోజున నలుగురూ పక్కపక్కన కబుర్లు చెప్పుకొంటూ పోతారు. ఎదురుగాలి వీచే రోజున వరస మారిపోతుంది. ఒకరి వెనుక ఒకరు చేరుతారు. ముందున్నవాడు రొప్పుతూ ఉంటే, వెనుకనున్న వానికి మాట్లాడేందుకు ఊపిరి మిగులుతుంది. కొంతసేపటికి ముందువాడు “ఇగ నువ్వు ముందట పో” అని పక్కకు తప్పుకొంటాడు. ఈ విద్య వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఐరోపాలోని సైకిలు పందేలలో మాత్రం దీనిమీద వంద సంవత్సరాలకు పైగా తగవు నడిచింది. ఒకడు గాలిని చీల్చుకొంటూ పోతే, వాని చాటున వచ్చినవాడు చివరి క్షణంలో ముందుకు దూకి గెలిస్తే, ఆ గెలుపు ఎవరిది?

మొదట గాలి లెక్క చూద్దాం. సమతలం మీద గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే సైకిలు వీరుడు చేసే పనిలో చాలా భాగం గాలిని తోయడానికే పోతుంది. చక్రాల ఘర్షణ దానితో పోలిస్తే స్వల్పం. వాయునిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది; ఆ నిరోధాన్ని జయించడానికి కావలసిన సామర్థ్యం వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. ముందుకు వంగి తొక్కే మనిషికి 40 కిలోమీటర్ల దగ్గర గాలి కోసం సుమారు 250 వాట్లు కావాలనుకొందాం. వేగం 60 కిలోమీటర్లు, అంటే ఒకటిన్నర రెట్లు అయితే నిరోధం రెండుంబావు రెట్లవుతుంది. సామర్థ్యం మాత్రం మూడు రెట్లు దాటి 840 వాట్లకు చేరుతుంది. అంత బలాన్ని ఎంత గట్టివాడైనా నిమిషాల తరబడి ఇవ్వలేడు. కాని ముందువాని చక్రానికి దగ్గరగా చేరితే ఈ భారంలో సుమారు మూడోవంతు తగ్గుతుంది. పెద్ద గుంపు నడుమ చేరితే ఇంకా తగ్గుతుంది. 121 మంది గుంపుమీద బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, గుంపు లోపలి భాగంలో ఉన్నవానిమీద పడే వాయునిరోధం ఒంటరివాని మీద పడేదానిలో 5 నుంచి 10 శాతం మాత్రమే!

చాటు ఎంత పని చేస్తుందో లోకానికి చూపినవాడు అమెరికాకు చెందిన చార్లెస్ మర్ఫీ. గాలి అడ్డు లేకుంటే రైలుతో సమానంగా తొక్కగలనని అతడు పందెం పలికితే నవ్వినవారే ఎక్కువ. 1899 జూన్ 30న లాంగ్ ఐలండు రైలుమార్గంలో పట్టాల నడుమ చెక్క పలకలు పరిచారు. రైలుపెట్టె వెనుక గాలి తగలకుండా చాటు కట్టారు. ఆ చాటున తొక్కిన మర్ఫీ ఒక మైలును 57.8 సెకండ్లలో ముగించాడు. గంటకు 100 కిలోమీటర్ల వేగమన్నమాట. ఇంజను వేగం తగ్గించగానే అతడు పెట్టెకు గుద్దుకొన్నాడు. పైనున్నవారు సైకిలుతో సహా పట్టి లాగకుంటే ఏమయ్యేదో! (రహదారి మీద లారీ వెనుక ఇదే పని చేసే పిల్లలను నేను చూశాను. లారీ బ్రేకు వేస్తే పట్టి లాగేవారు ఎవరూ ఉండరు. ఉపాధ్యాయులు ఈ సంగతి తప్పక చెప్పాలి.)

ఆనాటి దూరపు పందేలలో మనుషులే రైలుపెట్టె పని చేసేవారు. 1891లో బోర్డో–పారిస్ పందెంలోనూ, పారిస్–బ్రెస్ట్–పారిస్ పందెంలోనూ వేగం చూపేవారిని ముందు పెట్టుకొని తొక్కడానికి అనుమతి ఉండేది. ఎక్కువమందిని సమకూర్చుకోగలిగిన వానికి ఎక్కువ చాటు దొరికేది. ఆన్రీ దెగ్రాంజ్ అనే పత్రికా సంపాదకుడికి ఇది నచ్చలేదు. అతడు స్వయంగా సైకిలు వీరుడు. 1893లో పారిస్‌లో ఒక గంటలో 35.325 కిలోమీటర్లు తొక్కి రికార్డు నెలకొల్పినవాడు. 1903లో టూర్ ద ఫ్రాన్స్ ప్రారంభించినప్పుడు, ఒక మనిషి బలం, ఒక మనిషి ఓర్పు తేలాలన్నదే అతని పట్టుదల.

1911లో మోరీస్ బ్రొకో అనే పోటీదారు తనకు గెలుపు ఆశ పోవడంతో, ఫ్రాంస్వా ఫాబేరుకు చాటుగా నడిచి సాయపడ్డాడు. దెగ్రాంజ్ మండిపడి అతన్ని ‘దొమెస్తీక్’ అన్నాడు. ఇంటి పనివాడని అర్థం. మన జిల్లాల మాటలో ‘జీతగాడు’ అనుకోండి. మరునాడు బ్రొకో అందరినీ చాలా వెనుక వదిలి మొదట వచ్చాడు. ఇంత బలం ఉండి నిన్న దాచుకొన్నాడని దెగ్రాంజ్ అతన్ని పందెం నుంచే తీసివేశాడు. తిట్టుగా పుట్టిన ఆ మాటే తరువాత ఒక వృత్తికి పేరైంది.

సమతల దశలలో గుంపంతా కలిసి మెల్లగా వచ్చి చివర పరుగు తీయడం దెగ్రాంజ్‌కు కంటగింపు. 1927లో అటువంటి దశలలో చాలావాటికి జట్లను ఒకదాని వెనుక ఒకటి, పావుగంట ఎడంతో వదిలాడు. జరిగిందేమిటి? ఒంటరి బలం తేలడానికి బదులు, జట్టు బలం ఇంకా ముఖ్యమైంది. 1928లో అల్సియోన్ జట్టువారే మొదటి మూడు స్థానాలూ తీసుకొన్నారు. తరువాత ఆ పద్ధతి వెనుకబడింది. చట్టం మార్చవచ్చు గాని గాలి స్వభావం మార్చలేము గదా.

సాయపడటం సిగ్గుపడవలసిన పని కాదని, అదొక విద్య అని చూపినవారిలో బెల్జియం వీరుడు రిక్ వాన్ లూయ్ ముఖ్యుడు. ఫాయెమా జట్టు ఎర్ర చొక్కాల సహచరులు వరసకట్టి అతన్ని గీత దగ్గరకు చేర్చేవారు. ‘ఎర్ర కాపలాదళం’ అని వారికి పేరు వచ్చింది. 1960, 1961 సంవత్సరాలలో అతడు ప్రపంచ విజేత.

ఈ వరస పని ఎలా సాగుతుందో చెప్పాలి. పొద్దున నలుగురైదుగురు గుంపును విడిచి ముందుకు పోతారు. వేగపు వీరుడున్న జట్టు వారిని తొందరపడి పట్టదు; పడితే మళ్ళీ కొత్తవారు పారిపోతారు. పది కిలోమీటర్లకు ఒక నిమిషం చొప్పున గుంపు అందుకోగలదని ఫ్రెంచి వ్యాఖ్యాత రోబేర్ షపాత్ పేరుమీద ఒక సూత్రం ఉన్నది. పారిపోయినవారు 44 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గుంపు సుమారు 47.5తో రావాలి. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చు. చివరి కిలోమీటర్లలో ‘రైలు’ కడతారు. మొదటివాడు ఉన్న బలమంతా ధారపోసి పక్కకు తొలగుతాడు. రెండవవాడు అంతకంటె వేగం పెంచుతాడు. ఆ పైవాడు ఇంకా పెంచుతాడు. వేగం ఎందుకు పెంచుతూ పోవాలి? అంత వేగంలో పక్కనుంచి దాటదలచినవాడు చాటు విడిచి గాలిలోకి రావాలి, వచ్చి నిలువలేడు. గీతకు ఇంచుమించు 200 మీటర్ల ముందు ఆఖరి సహాయకుడు తప్పుకొంటాడు. 70 కిలోమీటర్ల వేగంలో ఆ దూరం పది సెకండ్ల పని. వెయ్యి వాట్లకు మించిన బలాన్ని మనిషి ఇవ్వగలిగేది కూడా దాదాపు అంతసేపే. ఈ రెండు లెక్కలూ కలిసే చోటే పందెం తేలుతుంది.

ఇటలీ వీరుడు మారియో చిపొల్లీని కోసం సాయెకో జట్టు కట్టిన ఎర్ర రైలు 1990లలో ప్రసిద్ధికెక్కింది. 1999 టూర్‌లో అతడు వరుసగా నాలుగు దశలు గెలిచాడు. వాటిలో లవాల్–బ్లువా దశ, గాలి కూడా తోడై, గంటకు సగటున 50.355 కిలోమీటర్ల వేగంతో ముగిసింది. నా మట్టుకు అంతకంటె చక్కని ఉదాహరణ 2009 జులై 26 నాటిది. పారిస్ చివరి దశలో మార్క్ రెన్షా ఆఖరి చాటు ఇచ్చి తప్పుకొన్నాడు; మార్క్ కావెండిష్ మొదట వచ్చాడు. వారి వేగానికి మిగతావారు ఎంత వెనుకబడ్డారంటే, పని ముగించుకొన్న రెన్షాయే రెండవవాడయ్యాడు. ఆ టూర్‌లో కావెండిష్‌కు అది ఆరవ దశ. 2024లో సాంవుల్బాస్‌లో అతడు 35వ దశ గెలిచి ఎడ్డీ మెర్క్స్ రికార్డును దాటాడు. రికార్డు పట్టికలో రెన్షా పేరు వెదికితే ఆ విజయాల పక్కన కనిపించదు.

రైలు లేకుండా గెలిచినవారూ లేకపోలేదు. ఆస్ట్రేలియా వీరుడు రాబీ మెక్‌యువెన్ ఇతర జట్ల రైళ్ళ తోకలో చేరి గెలుస్తూ, 2002, 2004, 2006 సంవత్సరాలలో ఆకుపచ్చ చొక్కా పొందాడు. ఇన్ని రైళ్ళు ఒకే దారిలో ఇరుకుకొన్నప్పుడు ప్రమాదమూ ఎక్కువే. 2020 ఆగస్టు 5న పోలండులోని కాటొవిట్సెలో గీత దగ్గర పడిపోయిన ఫాబియో యాకబ్సన్ ప్రాణాపాయం నుంచి బయటపడ్డాడు. అతన్ని అడ్డగించిన డైలాన్ గ్రూనవేగన్‌ను తొమ్మిది నెలలు నిషేధించారు.

మన ప్రాంతంలో ఇటువంటి రహదారి పందేలు లేవు గాని, చాటు విద్యకు పనికివచ్చే బాట ఒకటి 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాదులో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కట్టారు. అటువంటి బాటలమీద జరిగే జట్టు పందెంలో నలుగురు బయలుదేరి 4 కిలోమీటర్లు తొక్కుతారు. ముందువాడు కొంతసేపు గాలిని మోసి, వాలుగా పైకి లేచి, వరస చివర చేరుతాడు. ఒకడు అలసి ఆగిపోయినా పరవాలేదు. కాలాన్ని లెక్కించేది మొదటివాడు వచ్చినప్పుడు కాదు, మూడవవాని ముందుచక్రం గీతను తాకినప్పుడు.