ఉప్పల్ మిట్టల మీద ద్రాక్షపందిళ్లు

మొన్న శివరాత్రికి నాలుగు రోజుల ముందు ఉప్పల్ చౌరస్తాలో తోపుడుబండి దగ్గర ఆగి, "ఏ ఊరి ద్రాక్ష నాయనా?" అని అడిగాను. "సోలాపూర్ మాల్ సార్, గింజ లేదు" అన్నాడు కుర్రవాడు. కిలో తూయించుకుని నాలుగడుగులు వేశాక గాని నాకు స్ఫురించలేదు, ఆ బండి నిలిచిన చోటికి కూతవేటు దూరంలోనే ఒకప్పుడు ద్రాక్షతోటలు ఉండేవని. పుట్టినింట పొరుగూరి పండు కొనుక్కున్నట్లయింది. ఆ రాత్రి కూర్చుని, నాకు తెలిసినంత మేరకు ఈ నేల కథను వ్రాసి పెడదామనుకున్నాను. చదువరులు ఓపిక పట్టవలసిందిగా ప్రార్థన.

ముందుగా ఈ నేల రూపురేఖలు. 2017 నవంబరులో నాగోలు మార్గంలో మెట్రో రైలు మొదలైన నాటినుండి ఈ ప్రాంతపు ఎగుడుదిగుళ్లను చూడటం సులువయింది. దక్షిణాన మూసీ. అక్కడినుండి ఉత్తరంగా ఉప్పల్, హబ్సిగూడ, నాచారం వైపు నడిస్తే నేల మెల్లమెల్లగా మిట్టెక్కుతుంది. దీనిని కొండ అనడానికి నోరు రాదు, మైదానం అనడానికీ మనసొప్పదు. ఇంకా ఉత్తరానికి పోతే మౌలాలి గుట్ట ఒక్కసారిగా తలెత్తి నిలుస్తుంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంనుండి దర్గాతో పూజలందుకొంటున్న ఆ గుట్ట, మన మిట్టలు తోబుట్టువులే. అక్కడ రాయి బట్టకట్టకుండా నిలుచుంది, ఇక్కడ మట్టి కప్పుకొని పడుకొంది, అంతే భేదం.

ఆ రాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు. ఎండకు పగిలి, వానకు నాని, వేల తరాలుగా అరిగి అది మొదట మొరమవుతుంది, పిమ్మట ఎర్రమట్టి అవుతుంది. ఇనుము తుప్పు దానికి ఎరుపునిస్తుంది. గులాబిరంగు గ్రానైటులోని ఫెల్‌స్పార్ ఖనిజం కరిగి పొటాష్ ఇస్తుంది. మన రైతులు ఇట్టి నేలలకు చలక అనీ, మరింత ఇసుకపాలు ఉంటే దుబ్బ అనీ పేర్లు పెట్టుకొన్నారు. పల్లంలో చెరువుల కింద బరువు మట్టి, దానిలో వరి. మిట్ట మీద చలక, దానిలో జొన్నలు, ఆముదాలు. ఉప్పల్ నల్లచెరువూ, నాచారం చెరువూ పల్లపు సేద్యానికి ప్రాణాధారాలు. మిట్ట మీదివారికి మాత్రం బావే దిక్కు. పైన మట్టి, దాని కింద మొరం, ఆ మొరంలో వాననీరు ఊరుతుంది. దానికి దిగువన, లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గిపోయే బండ. కాబట్టి ఈ మిట్టల కింద నీరు ఉన్నది కాని, గిన్నెలో నీరున్నట్లు కొలతగా ఉన్నది. ఈ మాట గుర్తుంచుకోవాలి, కథ చివరలో దీనితో పని ఉన్నది.

నిజాం కాలపు రెవెన్యూ లెక్కలలో భూమి ఖుష్కీ, తరీ, బాగాయత్ అని మూడు తెగలు. మెట్ట, మాగాణి, తోట అని మన అర్థం. "బాగ్" అంటే తోట కదా! మూసీ ఒడ్డున ఈనాడు ఉప్పల్ భగాయత్ అని ప్రసిద్ధమైన లేఅవుటు పేరులో ఉన్నది ఆ మాటే. 2019లో హెచ్.ఎం.డి.ఎ. వారు అక్కడి ప్లాట్లను వేలం వేసినప్పుడు పాడుకున్నవారిలో ఎందరికి ఆ పేరుకు అర్థం తెలుసునో గాని, ఫారసీ పలుకు మాత్రం తన సాక్ష్యం తాను చెప్పుకొంటూనే ఉన్నది. ఉప్పల్ కలాన్‌లోని "కలాన్" కూడా అట్టిదే, పెద్దదని అర్థం.

ఇక పండు సంగతి. దక్కనుకు ద్రాక్ష కొత్తది కాదు. పదునాలుగవ శతాబ్దిలో వచ్చిన ఇబ్న్ బతూతా దౌలతాబాదులో ద్రాక్ష, దానిమ్మ ఏడాదికి రెండుసార్లు కాస్తాయని వ్రాసుకొన్నాడు. అయితే హైదరాబాదుకు పేరు తెచ్చిన తీగ వేరు. 1890 ప్రాంతంలో, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఏలుబడిలో, అబ్దుల్ బాకర్ ఖాన్ అనే పెద్దమనిషి పశ్చిమాసియా నుండి దానిని తెచ్చి ఇక్కడ నాటించాడు. దాని పేరు అనాబ్-ఎ-షాహీ. "ఇనబ్" అంటే అరబ్బీలో ద్రాక్ష, "షాహీ" అంటే రాచది. మన నిఘంటువులలో ద్రాక్షకు "గోస్తని" అని ఒక పర్యాయపదం ఉన్నది. నేను విద్యార్థిగా ఆ మాట వల్లించినప్పుడు, గుండ్రని పండుకు ఆవు చన్నుతో పోలికేమిటని సందేహపడ్డాను. పొడవుగా, లేత తేనెరంగులో వేలాడే అనాబ్ గుత్తిని చూసిన నాడు ఆ సందేహం తీరింది.

నేను భువనగిరి వైపు పల్లెనుండి ఉద్యోగానికి వచ్చింది 1984లో. వరంగల్ రోడ్డు మీద బస్సు ఉప్పల్ చేరుతుండగా కిటికీలోంచి మొదటిసారి ఆ పందిళ్లు చూశాను. రాతి కడీలు వరుసలుగా పాతి, పైన ఇనుప తీగెలు అల్లి, వాటి మీదికి ద్రాక్షను పాకించేవారు. కడీలు కూడా ఈ గుట్టల గ్రానైటే. అనగా వేరుకు మట్టి ఇచ్చిందీ, తీగకు ఊతమిచ్చిందీ ఒకే రాయి. హబ్సిగూడ, రామంతాపూర్, నాచారం, ఇటు సరూర్‌నగర్ దాకా అక్కడక్కడ ఇవే పందిళ్లు. కింద మిట్టమధ్యాహ్నం కూడా వెన్నెలవంటి నీడ.

మా బడిలో చదువుకునే ఒక పిల్లవాని తండ్రి అట్టి తోటలో మాలీ. ఆయన దగ్గరే నేను ఈ సేద్యపు ఓనమాలు దిద్దుకొన్నాను. చలిదేశాలలో ద్రాక్ష శీతకాలం ఆకు రాల్చి నిద్రపోతుంది. మన దక్కనులో దానికి నిద్ర లేదు, కనుక కత్తెరతో నిద్రపుచ్చాలి. ఏప్రిల్‌లో ఒకసారి కొమ్మలు కత్తిరిస్తే కొత్త రెమ్మలు వస్తాయి. ఎండాకాలపు వెలుతురులో ఆ రెమ్మల కనుపులలో రాబోయే గుత్తులు రహస్యంగా రూపు కడతాయి. వానలు వెనుకబట్టాక అక్టోబరులో రెండవ కత్తిరింపు. అప్పుడు పూత, శివరాత్రికీ ఉగాదికీ నడుమ కోత. వాన తగిలితే బూజు తెగులు. దానికి మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం చల్లేవారు. ఆకులమీద ఆ నీలి మరకలు ఇప్పటికీ నా కళ్లకు కట్టినట్లున్నాయి.

"చెరువు కింది నేల వదిలి, ఈ గట్టి మిట్ట మీద ఎందుకయ్యా తోట?" అని నేనడిగితే ఆయన నవ్వి, "సారూ, గీ చెట్టుకు నీళ్లు గావాలె గని, నీళ్లల్ల నిలవడద్దు. నిలవడితె వేరు మురుగుతది" అన్నాడు. చలక గుణమంతా ఆ ఒక్క మాటలో ఉన్నది. తాగినంత తాగి మిగిలినది కిందికి జార్చే నేల అది. దాని పేదతనాన్ని పూడ్చడానికి ఎండిన చెరువు మట్టిని బండ్లకెత్తి తెచ్చి గుంతలలో పోసేవారు. మిట్టకూ పల్లానికీ ఆ విధంగా ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండేవి.

ఆ పిల్లవాడే నాకొక పాఠం నేర్పాడు. తొమ్మిదవ తరగతిలో ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం వివరిస్తూ, నోట వేసుకోగానే రసమిచ్చేది ద్రాక్షాపాకమని నేను ధోరణిలో చెబుతున్నాను. వాడు లేచి, "సార్, అనాబ్‌ల గింజలుంటయి గద సార్!" అన్నాడు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వాను గాని, ఆనాటినుండి ఆ పాఠం చెప్పినప్పుడల్లా, ఎంత సులభమైన పద్యంలోనైనా ఒక గింజ పంటికి తగులుతుందనీ, దానిని ఉమ్మివేయక ఆలోచించమనీ చెప్పేవాణ్ణి.

ఆ గింజే అనాబ్‌కు ముప్పు తెచ్చింది. కాపులో దానికి సాటి లేదు. హెక్టారుకు సగటున 35 టన్నుల దిగుబడి అనేవారు. కాని తీపి కొంచెం తక్కువ, నిలువ ఉండదు, గింజ ఉన్నది. ఈలోగా మహారాష్ట్రలో నాసిక్, సాంగ్లీ, సోలాపూర్ ప్రాంతాల గింజలేని థాంప్సన్ రకం అంగళ్లను ఆక్రమించింది. కొందరు ఇక్కడా ఆ రకమే నాటారు. అయినా పండుతో పోటీ పడగలిగిన రైతు గజం ధరతో పోటీ పడలేకపోయాడు. 1961లో ఏర్పడిన ఎన్.జి.ఆర్.ఐ., పిమ్మట సి.సి.ఎం.బి. ఉప్పల్ రోడ్డుకు వచ్చాయి. నాచారంలో పారిశ్రామికవాడ పెరిగింది, రామారావుగారి రామకృష్ణా స్టూడియో వెలిసింది. వచ్చినవారికి ఇళ్లు కావాలి. బావులు చాలక బోర్లు, బోర్లు చాలక మరింత లోతు బోర్లు. గిన్నెలో నీరని ముందే చెప్పాను కదా! 2007లో ఉప్పల్ కలాన్ పురపాలక సంఘం మహానగరంలో కలిసేనాటికి తోటలు చాలావరకు జ్ఞాపకాలయిపోయాయి.

ఇంతవరకు ఎవరినో తప్పుపట్టినట్లు వ్రాసుకొచ్చాను. నిజం చెప్పాలి. 1991లో నేను కొన్న రెండు వందల గజాల స్థలం ఒక ద్రాక్షతోట ముక్కే. పునాది తవ్వుతుంటే మనికట్టు లావు వేర్లు వచ్చాయి. మేస్త్రీ వాటిని గంపకెత్తి పొయ్యిలోకి పంపాడు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను. ఆ మాలీ అప్పటికి పని పోయి కాపలా ఉద్యోగం వెదుక్కొంటున్నాడు. గృహప్రవేశానికి పిలిస్తే వచ్చి, ఇల్లంతా చూసి, "మూడో వరుస సారూ, ఇది మంచిగ కాసేది" అని మాత్రం అన్నాడు. ఆ మాటలో నిందా లేదు, దెప్పూ లేదు. అందుకే ముప్పయ్యేళ్లకు పైబడినా నన్ను వదలలేదు. ఆ సోలాపూర్ ద్రాక్ష చేదనిపించిందంటే తప్పు పండుది కాదు.

అంతా అయిపోయిందని మాత్రం అనను. రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉన్నది. అల్వాల్ రైతు చింతల వెంకటరెడ్డిగారు లోతు మట్టిని తవ్వి, ఎండబెట్టి పైమట్టికి మార్చే పద్ధతితో ద్రాక్ష మొదలుకొని అనేక పంటలు పండించి 2020లో పద్మశ్రీ పొందారు. పైమట్టి అలసిపోతే కింది మట్టి ఆదుకొంటుందన్న ఆయన మాట, చెరువు మట్టి మోసిన మా మాలీకి తప్పక రుచించేది.

మా ఇంటి గేటుకు ఎడమవైపు ఒక రాతి కడీ ఉన్నది. పైకొనన తీగె చుట్టుకోవడానికి చెక్కిన గాడి ఇంకా చెరిగిపోలేదు. ఇల్లు కట్టేనాడు బరువని మేస్త్రీ అక్కడే వదిలేసినది. నిరుడు దాని మొదట్లో ఒక ద్రాక్ష కొమ్మ నాటాను. మూరెడు ఎత్తు పాకింది. హబ్సిగూడ, నాచారం సందులలో తిరిగే మిత్రులు ప్రహరీగోడల మూలల్లో, టీకొట్ల పక్కన అట్టి గాడి గల కడీలు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. కనిపించినచోటు నాకు తెలియజేస్తే ఒక పటం గీద్దామని కోరిక. పందిళ్లు పోయినా కడీల వరుసలు కలిపితే తోటల హద్దులు తేలవచ్చు.