ముట్టు, ముట్టుకోవడం, ప్రభువు బల్ల

నెలలో మొదటి ఆదివారం మా ఊళ్లో బల్లారాధన. ముందురోజే అమ్మమ్మ తెల్లచీరకి గంజి పెట్టేది. నాకు బాప్తిస్మమైన మూడో నెల అనుకుంటా, రొట్టె పళ్లెం మా వరసలోకి వస్తుంటే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఈ నెల వద్దులే" అంది చెవిలో. పళ్లెం నన్ను దాటిపోయింది. అందరికీ తెలిసిపోయిందన్న సిగ్గు ఇంటిదాకా నా వెంట వచ్చింది.

ఈ కట్టడి ఎక్కడిదని చాలా ఏళ్లు వెతికాను. లేవీయకాండంలో మైల ఉంది గానీ ప్రభువు బల్ల లేదు. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ డయొనీసియస్, బహిష్టు స్త్రీలు బల్ల దగ్గరికి రాకూడదని ఒక ఉత్తరంలో రాశాడు. పన్నెండేళ్ల రక్తస్రావం ఉన్న ఆవిడ కూడా యేసు వస్త్రపు అంచునే ముట్టుకుంది తప్ప ఆయన్ని కాదు కదా అని ఆయన వాదన. స్వస్థత కథని ఎంత చక్కగా గోడగా కట్టేశాడో! అదే శతాబ్దంలో సిరియాలో పుట్టిన 'డిడస్కాలియా' అనే సంఘనియమాల గ్రంథం అదే స్త్రీని చూపించి సరిగ్గా ఎదురు మాట చెప్పింది. ఆ ఏడు రోజులూ పరిశుద్ధాత్మ మిమ్మల్ని విడిచిపోతాడా అని అడిగింది. పోప్ గ్రెగరీ కూడా, వచ్చే స్త్రీని ఆపొద్దన్నాడని బీడ్ చరిత్రలో ఉంది. కాకపోతే, తనంతట తాను మానుకుంటే మెచ్చుకోవాలన్నాడు. మన కొంపలు ముంచింది ఆ మెచ్చుకోలే.

మా సంగతికొస్తే, ఒంగోలు ప్రాంతంలో తోళ్ల వ్యాపారం చేసే మాదిగ, ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో బాప్తిస్మం పొందారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పైకులాలవాళ్లు అన్నా మిషనరీ క్లౌ వెనక్కి తగ్గలేదు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం మొదలైంది. కరువు తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఆ లెక్క మా ఇళ్లలో పిల్లలకి కూడా తెలుసు. నా మనసు మాత్రం ఆ తర్వాతి ఆదివారాల మీదకి పోతుంది. దోసిట్లోకి పైనుంచి నీళ్లు పోయించుకున్న వాళ్లు, ఒకే రొట్టె విరిచి చేతికి చెయ్యి తగిలేలా అందుకోవడం! కృప అనే మాట వాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

అంటు వల్ల ఊరి బావికి దూరమైనవాళ్లం, ముట్టుని బల్ల దగ్గరికి ఎలా తెచ్చుకున్నాం?

2013లో నంద్యాలలో పుష్పలలిత గారు సి.ఎస్.ఐ. తొలి మహిళా బిషప్ అయిన ఏడాది, పట్నంలో ఒక పాస్టరమ్మ చేతిమీదుగా నేను రొట్టె తీసుకున్నాను, సరిగ్గా ఆ రోజుల్లోనే. ద్రాక్షరసం గొంతు దిగేదాకా నవ్వొస్తూనే ఉంది.

సెలవులకెళ్లి పెద్దమ్మకి చెప్పాను. తిడుతుందనుకున్నా. పెళ్లైన దగ్గర్నుంచీ తనకి తప్పిపోయిన బల్లలు వేళ్లమీద లెక్కపెడుతూ మధ్యలో ఆపేసింది. ఆ ఆదివారం పళ్లెం తనే నాకు అందించింది. ఏమీ అడగలేదు.