దహ్రియా అన్న మాట, మఖ్దూమ్ మజార్

దేవుడు లేడనేవాడికి మన ఇళ్లలో పాత పేరొకటి ఉంది: దహ్రియా. దహ్ర్ అంటే కాలం. మమ్మల్ని చంపేది కాలమే, ఇంకేమీ లేదు అన్నవాళ్ల మాట ఖుర్ఆన్‌లోనే, సూరా జాసియాలో ఉంది. కాబట్టి ఈ బహస్ మనకు కొత్తది కాదు. ఇమామ్ అబూ హనీఫా పడవ కిస్సా వినని పిల్లలు మనలో అరుదు. తనంతట తానే తయారైన పడవను నమ్మనివాడు, ఇంత కాయినాత్ తనంతట తానే పుట్టిందని ఎలా నమ్ముతాడు?

పాతబస్తీలో, మూసీ ఒడ్డున, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూమ్ మొహియుద్దీన్ సాహెబ్ కమ్యూనిస్టు. 1908లో అందోల్‌లో, దీన్‌దార్ ఇంట్లో పుట్టారు. చిన్నప్పుడు మసీదు ఊడ్చేవారట. రష్యాలో గరీబులూ అమీర్లూ ఒకే దస్తర్‌ఖ్వాన్ మీద తింటున్నారని చాచా చెబితే విన్నారట. నాకు ఆసక్తి ఇక్కడే. ఆయన్ని అటు లాగింది పడవ ఎవరు చేశారన్న సవాల్ కాదు, రొట్టె ఎవరికి అందడం లేదన్న సవాల్. మనవాళ్ల దలీల్ ఒకదానికి, కామ్రేడ్ల జవాబు మరోదానికి. ఇక బహస్ తెగేదెలా? ఈరోజు కూడా నమాజ్ మానేసిన కొడుకుతో అబ్బా పడవ గురించే వాదిస్తారు. వాడి మనసులో ఉన్న ప్రశ్న ఏమిటో అడగరు.

1969 ఆగస్టు 25న మఖ్దూమ్ ఢిల్లీలో ఇంతెఖాల్ అయ్యారు. ఆయన దిల్‌లో ఏముందో అల్లాహ్‌కే ఎరుక. దఫన్ మాత్రం నాంపల్లిలో, హజ్రత్ షాహ్ ఖామోష్ దర్గా ఆవరణలో జరిగింది.